పండుగ మర్నాటి పాలపిట్ట

నేను మెడలో బైనాక్యులర్ వేసుకుని టేకులపల్లి అడవి అంచున తిరుగుతుంటే మా బొగ్గుగని క్వార్టర్లలో నవ్వనివాళ్లు లేరు. "నైట్ షిఫ్టు దిగి పండుకోక పిట్టల ఎంబడి పడ్డడు" అని మొహం మీదే అంటారు. దసరా వచ్చిందంటే మాత్రం వాళ్లే "అన్నా, పాలపిట్ట యాడుందే?" అని బతిమాలతారు. ఆ రోజు అది కంటపడితే ఏడాదంతా మంచి జరుగుతుందని నమ్మకం కదా!

మొన్నటి దసరాకు మాత్రం ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. అమ్మకు ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది కూడా ఎక్కువ కాలం ఉండదని డాక్టర్ మా ఇద్దరి ముందే చెప్పేశాడు. "ఈ పండుగకు పాలపిట్టను చూపియ్ బిడ్డా, సాలు" అంది అమ్మ. మొక్కజొన్న చేను పక్కన కరెంటు తీగ మీద ఒక పాలపిట్ట రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేది. ఆ తీగ కిందికి తీసుకెళ్తే, పిట్ట ఎగిరినప్పుడు ఆ రెక్కల నీలం అమ్మ కంటికి కూడా ఆనుతుందనుకున్నాను.

నా నోరు ఊరుకుంటే కదా! టీ కొట్టు దగ్గర పక్కింటాయన "ఈసారి పిట్టలే లేవంట. మరి ఏం చూస్తున్నవ్ నువ్వు?" అని రెచ్చగొట్టేసరికి చోటు చెప్పేశాను.

పండుగ సాయంత్రం అమ్మను బండి మీద తీసుకెళ్లి చూద్దును కదా, చేను గట్టు నిండా జనం! హారన్లు, ఈలలు, సెల్ఫీలు. పైగా పక్కింటాయన "ఏదిరా నీ పిట్ట?" అని నన్నే నిలదీశాడు. ఒళ్లు మండిపోయింది. "గిట్ల మొత్తుకుంటే పిట్ట కాదు, పులి గూడ రాదు!" అని అరిచాను. చీకటి పడేదాకా అమ్మ ఆ ఖాళీ తీగ వంకే చూసింది.

తెల్లారి డ్యూటీ దిగి వస్తుంటే, అదే తీగ మీద పాలపిట్ట! దర్జాగా కూర్చుని ఉంది. బండి ఉరికించి ఇంటికొచ్చాను. అమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"అమ్మా, లెవ్వు, జల్దీ! పిట్టొచ్చింది."

"ఇయ్యాలనా? పండుగ అయిపాయె గదరా. ఉత్తనాడు చూస్తే ఏమొస్తది?"

"పిట్ట అదే కదమ్మా!"

"అవ్, అదే అయితే వచ్చే దసరాకు గూడ ఆడ్నే ఉంటది. అప్పుడు చూస్త తియ్యి."

డాక్టర్ మాట అసలు విననట్టే అంది. ఎంత కోపమొచ్చిందో! బైనాక్యులర్ తీసి గోడకేసి కొట్టాలనిపించింది. బండి తాళం చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అమ్మ చేటలో గింజేదో రాయేదో వేళ్లతో తడిమి చూసుకుంటోంది.