ఆంటీ కోసం కట్టిన పాట

సెంబవాంగ్‌లో మేం అద్దెకు దిగిన ఫ్లాట్‌కు ఎదురు తలుపు వాళ్ళది. ఆంటీ, అంకుల్ ఇద్దరే ఉండేవారు. వాళ్ళ తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చినవాళ్ళు. వీళ్ళిద్దరికీ తెలుగు చదవడం రాదు. మాట్లాడితే మాత్రం మా నాయనమ్మ వాడిన మాటలు వినిపించేవి, మధ్యమధ్యలో మలయ్, తమిళం కలిసి. నేను ఆఫీసు నుంచి రాగానే ఆంటీ గేటు ఊచల్లోంచి, "మకాన్ అయిందా అమ్మా?" అని అడిగేది. తిన్నానని చెప్పినా వదిలేది కాదు, ఏదో ఒక కూర గిన్నె మా ఇంటికి వచ్చేది.

పని చేసుకుంటున్నంతసేపూ ఆంటీ ఒకే పాట పాడేది.

"రేవు కాడ దీపమల్లే నిలిచి ఉన్నావే సిన్నదానా, అలలెన్ని నన్ను లాగినా నా ఓడ నిన్నే చేరునే."

చాలా నిదానమైన పాట. ప్రతి పాదం చివర గొంతు వణికి, కిందికి జారి ఆగేది. ఇది ఎక్కడి పాట అని ఒకసారి అడిగాను. ఆంటీ సిగ్గుపడి అంకుల్ వైపు చూసింది.

"ఆయనే కట్టినారు. నాకోసం."

అంకుల్ జీవితమంతా షిప్‌యార్డ్‌లో వెల్డరు. పెళ్ళికి ముందు ఒక సాయంత్రం జెట్టీ మీద ఒంటరిగా కూర్చుంటే ఆ వరస దానంతటదే నోట్లోకి వచ్చిందని ఆయనే నాకు చెప్పారు. ఆంటీకి అప్పటికే పినాంగ్‌లో ఒక స్కూలు మాస్టారితో సంబంధం ఖాయమైంది. తాంబూలాలు కూడా పుచ్చుకున్నారు. అంకుల్ ఆంటీ వాళ్ళ ఇంటి వెనక వీధిలో నిలబడి ఈ పాట పాడితే, ఆంటీ వెళ్ళి తండ్రితో మాస్టారిని చేసుకోనని చెప్పేసింది. ఆ తరవాత తండ్రి ఆమెతో మాట్లాడలేదు. చనిపోయేదాకా మాట్లాడలేదు.

"నా మీద పాట కట్టినోడిని ఎలా కాదనేది?" అనేది ఆంటీ.

నాకు ఆ కథ ఎంత నచ్చిందంటే మా అమ్మకు ఫోన్‌లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, మా ఆయనతో ఏదైనా గొడవైతే అదే ఉదాహరణగా ఎత్తిచూపేదాన్ని.

ఒక శనివారం ఆంటీతో కలిసి యీషున్‌లో మాల్‌కు వెళ్ళాను. సూపర్‌మార్కెట్ ముందు జపాన్ తినుబండారాల సంత పెట్టారు. నేను పనిచేసేది జపాన్ కంపెనీలో, ఆ భాష నేర్చుకున్నాను కూడా, అందుకని అక్కడి అమ్మాయితో నాలుగు ముక్కలు మాట్లాడుతున్నాను. స్పీకర్లో ఎవరో ఆడమనిషి పాడుతోంది. పక్కన ఆంటీ లేదని చూసుకుని వెనక్కి తిరిగాను. ఆమె స్పీకరు ముందు నిలబడిపోయి ఉంది.

"ఇది నా పాట," అంది.

విన్నాను. అదే వరస. అదే వణుకు, అదే జారడం.

"ఎవలే ఆవిడ? నా పాట ఆవిడెందుకు పాడతాంది?"

అమ్మాయిని అడిగాను. చాలా పాతదని, వాళ్ళ అమ్మమ్మ కాలం పాటని, ఆ గాయనికి పేరు తెచ్చింది ఇదేనని చెప్పింది. రేవులు, మంచు, విడిపోవడం, ఒంటరిగా తాగడం, ఇలాంటి వాటి మీద గొంతు వణికిస్తూ పాడే పాటల్ని అక్కడ ఎంకా అంటారు. మా పాత మేనేజరు తాగితే పాడేవి అవే.

"ఏటంటాంది? సెప్పు," అంది ఆంటీ.

ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. చెప్పాను. రేవులో దీపం ఆర్పేశాను, నీ ఓడ ఇంకో రేవుకు పోనీ, మంచులో నిలబడే ఓపిక నాకిక లేదు అంటోంది ఆ పాటలో ఆడది.

ఆంటీ బస్సులో దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూసింది. ఇంటికి చేరాక నన్నూ లోపలికి రమ్మంది.

అంకుల్ టీవీ చూస్తున్నారు.

"ఆ పాట ఎవలిది?" అంది.

"ఏ పాట?"

"నువ్వు నాకు కట్టిన పాట."

ఆయన్ని ఆమె నువ్వు అనడం నేను అంతవరకూ వినలేదు. ఆయన కూడా వినలేదనుకుంటాను. టీవీ కట్టేశారు. జపాన్ వాళ్ళే ఎక్కడో విని తీసుకుని ఉంటారన్నారు మొదట. ఆంటీ కదలకుండా నిలబడేసరికి తల దించుకున్నారు. మరమ్మతు కోసం వచ్చిన ఓ జపాన్ ఓడ చాలాకాలం యార్డులో ఉండిపోయిందట. అందులో ఇంజనీరు ఒకడు రోజూ టేపు పెట్టి ఆ పాట వినేవాడట. వరస అలా పట్టుబడిందని, అర్థం కూడా అతనే చెప్పాడని అన్నారు.

"మాటలు నానే కట్టినాను. అది అబద్దం కాదు. దాంట్లో దీపం ఆరిపోతాది. నాను వెలిగించినాను."

"జెట్టీ మీద వచ్చిందన్నావు."

ఆయన రిమోటును చేతిలో తిప్పుతూ కూర్చున్నారు.

"మా నాయన నా మొకం సూడకుండా పోయినాడు," అంది ఆంటీ. గొంతు పెంచలేదు. "నీకు పాట వచ్చిందని నీ ఎనకాల వచ్చినాను. అది ఎవలిదో."

నాకు అంకుల్ మీద కోపం వచ్చింది. ఆ జెట్టీని, ఆ సాయంత్రాన్ని ఆయన నాకు చేతులు తిప్పుతూ వర్ణించారు. నేను దాన్ని ఎంతమందికి పంచానో. వాళ్ళ కాపురంలో నాకు ఏ వాటా లేకపోయినా నన్ను కూడా మోసం చేసినట్టే అనిపించింది.

తరవాత కొన్ని నెలలు ఆ ఇంట్లో పాట లేదు. ఆంటీ వండి పెట్టేది, ఆయనతో కూర్చుని తినేది కాదు. సాయంత్రాలు మా ఇంటికి వచ్చి, "ఆవిడని సూపించు," అనేది. ఫోన్‌లో ఆ గాయని వీడియోలు వెతికి పెట్టేదాన్ని. వయసు మీద పడ్డ మనిషి, బూడిదరంగు కిమోనోలో, చేతులు కదలకుండా నిలబడి పాడేది. మొదట్లో ఆంటీ ఆమెను సవతిని చూసినట్టు చూసింది. ఒకసారి ఓ ఇంటర్వ్యూ దొరికితే అర్థం చెప్పాను. నీకోసమే రాశానని చెప్పి ఆ పాట రాసినాయన ఆమెకు ఇచ్చాడట. అంతకు ముందే ఇంకొకరితో పాడించి, అది నడవక పక్కన పడేసిన పాటని ఆమెకు చాలా ఏళ్ళకు తెలిసిందట.

"ఆవిడనీ అంతే సేసినారా," అంది ఆంటీ. కాసేపటికి, "నాకు నేర్పు," అంది.

జపాన్ మాటల్ని ఒక్కొక్కటీ పలికి చూపించాను. ఆమెకు నోరు తిరగడానికి చాలాకాలం పట్టింది, వరస మాత్రం నేర్పక్కర్లేకపోయింది.

వాళ్ళ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండిన సందర్భానికి బెడోక్‌లో ఉండే కూతురు భోజనాలు పెట్టింది, మా బ్లాక్ కింద ఖాళీగా ఉండే చోటనే. విషయం ఆమెకు తెలియదు. భోజనాలయ్యాక అమ్మను ఆ పాట పాడమంది. మనవరాలు కూడా, "పాడు లా, అమ్మమ్మా," అంది అక్కడి పిల్లల యాసలో.

ఆంటీ లేచి పాడింది. జపాన్ మాటలతో, మొదటి నుంచి చివరిదాకా. చుట్టాలు మొహాలు చూసుకున్నారు, ఇదేదో తమాషా అనుకుని కొందరు నవ్వారు. అంకుల్ నవ్వలేదు. అక్కడ ఆ మాటల అర్థం తెలిసినవాళ్ళం మేం ముగ్గురమే. మంచులో నిలబడే ఓపిక నాకిక లేదు అనే చోట ఆమె నేరుగా ఆయన వైపు చూసింది.

చప్పట్లు ఆగాక అంకుల్, "మనది కూడా పాడు," అన్నారు మెల్లగా.

"అది నీది. నువ్వే పాడుకో."

ఆయన నిజంగానే మొదలుపెట్టారు. పల్లవి వచ్చింది. చరణంలో రెండో పాదం దగ్గర ఆగిపోయారు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు, మళ్ళీ అక్కడే ఆగారు. ఇన్నేళ్ళూ పాడింది ఆంటీ, ఆయన కాదు. తను కట్టిన మాటలే ఆయనకు గుర్తు లేవు. నాకు కూడా వచ్చు ఆ పాదం, పెదవుల దాకా వచ్చింది. ఆంటీ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

ఆయన కూర్చున్నారు. కూతురు ఐస్‌క్రీమ్ పంచడం మొదలుపెట్టింది. ఆంటీ తన కప్పు తీసుకుని, ఆ సాయంత్రం అంతా భోజనాలకు వచ్చిన ఓ చిన్నప్పటి స్నేహితురాలి పక్కనే కూర్చుంది.

మేం ఆ తరవాత ఏడాది ఇల్లు మారాం. వాళ్ళు కలిసే ఉన్నారు. నేను వెళితే ఆంటీ కూర పెడుతుంది, అంకుల్ బాగోగులు అడుగుతారు. ఇద్దరూ మాట్లాడుకుంటారు కూడా. ఆమె ఆయన్ని నువ్వు అనే పిలుస్తోంది.