సంచి బరువు పోను

నేను బడి ముఖం చూడలేదు. మహబూబాబాద్ మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోస్తూ, వాటి మీది రాతలతో అక్షరాలు, కాంటా ముల్లుతో లెక్కలు నేర్చుకున్నాను. వీపు మీద పడిన బరువెంతో తూచకుండానే చెప్పేవాణ్ని.

తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ నాడు ఊరేగింపులో ఉండగా పోలీసుల లాఠీలు లేచాయి. నా భుజం మీద చొక్కాతో పాటు చర్మమూ చిట్లింది. నా ముందున్న తండా ఆవిడకు నెత్తి పగిలింది. ఆమె కింద పడ్డాక కూడా కొట్టారు. పడ్డాక కొట్టిన ఆ దెబ్బను ఇప్పటికీ క్షమించను.

ఆమెను వీపున వేసుకుని దవాఖానకు పరుగెత్తాను. నర్సింగు చదువుతున్న నా బిడ్డకు ఆ రోజు అక్కడే డ్యూటీ. మంచం మీద వేయగానే ఆవిడకు ఫిట్స్ మొదలయ్యాయి. నోట్లో నురగ, నెత్తురు. ఇనుప మంచం గోడకు దబదబా కొట్టుకుంటోంది.

పక్క మంచం దగ్గర ఎవరి తలకో కుట్లు వేస్తున్న డాక్టరు ఒక్కసారి ఇటు చూశాడు. అద్దాల లంగా, మోచేతుల దాకా గాజులు, కాళ్లకు లావుపాటి కడియాలు.

"అరవై కేజీలుంటుంది. ఫిట్స్ మందు కేజీకి ఇరవై మిల్లీగ్రాముల చొప్పున లెక్క కట్టు."

బిడ్డ అరచేతిలో పెన్నుతో రాసుకుంది. పన్నెండు వందలు. సీసాకు వంద చొప్పున పన్నెండు సీసాలు. ఆ మందు ఎక్కువైతే గుండె ఆగుతుందని ఇంట్లో తను పైకి చదువుతుంటే విన్నవాణ్ని, ఊరుకోలేకపోయాను.

"అరవై ఏంది బిడ్డా? నలభై ఆరుకు మించదు. మోసుకొచ్చింది నేను!"

"ఏమయ్యా, మిరపకాయల బస్తా అనుకున్నావా? బయటికి నడువు," అన్నాడు డాక్టరు.

"బస్తానైతే కాంటా మీద పెడ్తరు సారూ. మనిషినైతే కండ్లతోనే తూస్తరా?"

గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్ నా మెడపట్టి లాగాడు. తోసేశాను. కత్తెర్ల ట్రేతో సహా కిందపడి లేచి లాఠీ ఎత్తాడు.

"కొట్టకుండ్రి! బాపూ, ఆమెను ఎత్తుకొని ఆ మూలకున్న కాంటా ఎక్కు!" బిడ్డ అరిచింది.

ఎక్కాను. ఆమె తల నా దవడను గుద్దుతోంది, కడియాలు మోకాళ్లను చితక్కొడుతున్నాయి. ముల్లు ఒక్క క్షణం నిలబడింది. నూట ఎనిమిది. ఆమెను మంచం మీద దించి నేనొక్కణ్నే ఎక్కితే అరవై రెండు.

"సరే, నలభై ఆరుకు ఇవ్వు," అన్నాడు డాక్టరు.

"సంచి బరువు తియ్యలేదు సార్," అంది నా బిడ్డ, మార్కెట్‌లో పెరిగిన పిల్ల.

కత్తెరతో లంగా కోసి, గాజులు, కడియాలు లాగేసి అన్నీ కలిపి కాంటా మీద పడేసింది. ఆరు. మనిషి నలభై. మందు ఎనిమిది సీసాలు. నెమ్మదిగా ఎక్కించింది. సగం పోయేసరికి మంచం చప్పుడు ఆగింది.

మూడో రోజు ఆవిడ కళ్లు తెరిచింది. మొదటి మాట, "నా కడియాలేవి?" మూట ఇస్తే చేత్తో ఎత్తి చూసి, "గింతేనా?" అని నన్నే దొంగను చూసినట్టు చూసింది.

ఆ రోజే కేసు కాగితం బిడ్డతో చదివించుకున్నాను. బరువు నలభై. గాయానికి కారణం, జారిపడటం.

డాక్టరు బల్ల మీద పిడికిలితో గుద్దాను. "నలభై సరిగనే రాసిన్రు. గీ రెండో ముక్క ఎవరు తూచిన్రు సారూ?"

పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ కానిస్టేబుల్ వైపు చూశాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.