మూడు చక్రాల మీద మలక్‌పేటకు

పత్తర్‌గట్టి వెనక ఒక దేవిడీలో, పాత నవాబుల బంగళాలో, బుచ్చయ్య ముప్పై ఏళ్లు ఒకే కారు నడిపాడు. నల్లటి కారు, మహా మొండిది. దాన్ని తుడిచినంత ముచ్చటగా తన మొహం ఏనాడూ చూడలేదని భార్య రాజమణి దెప్పేది. ఆమె పోయాక దెప్పేవాళ్లు లేరు. పిల్లలు ముందే లేరు. ఈమధ్యే యజమానురాలు మజీదా బేగం దేవిడీ అమ్మేసి కూతురింటికి వెళ్లిపోయింది. కారు మలక్‌పేటలో పాత ఇనుము కొనే తాహిర్ పాలైంది.

చిక్కల్లా ముందు ఎడమ చక్రంతోనే. అది విరిగిపోయింది, ఆ కొలతది ఊళ్లో ఎక్కడా దొరకలేదు. ఎడ్లబండికి కట్టి ఈడ్చుకుపోదామన్నాడు తాహిర్.

"పీనుగును గుంజినట్టు గుంజనియ్య భాయ్. నేనే నడుపుకుంట తెస్త," అన్నాడు బుచ్చయ్య.

పాత డ్రైవర్లకు తెలిసిన ఉపాయమే. లేని చక్రానికి ఎదురుమూల, అంటే వెనక కుడివైపు, బరువు పెడితే ముక్కు లేచి బండి మూడు చక్రాల మీద నిలుస్తుంది. మామూలుగా అక్కడ దోస్తులు ఎక్కి కూర్చుంటారు. బుచ్చయ్య దేవిడీ వాకిట్లోని షాబాద్ బండలు మోసి పేర్చాడు.

శుక్రవారం, దుకాణాలు ఇంకా తెరవని పొద్దున స్టీరింగు ముందు కూర్చున్నాడు. చాయ్ అమ్మే దస్తగీర్ వచ్చి ముక్కు కింది జాకీ తీశాడు.

"గిన్ని బండలెందుకన్నా? ఇద్దర్ని కూసోబెట్టుకుంటే అయిపోతుండె గద."

"ఎవరున్నరు భాయ్?"

దస్తగీర్ పాలు పొంగుతాయని జాకీ చేతబట్టుకునే వెళ్లిపోయాడు.

కాలి బ్రేకు తొక్కితే ముక్కు నేలకు కొడుతుంది. అందుకని నడక వేగాన, చేతి బ్రేకు మీదే పోనిచ్చాడు. దారి పొడుగునా ఒకటే మాట: చాచా, నీ చక్రం పడిపోయింది. ఇప్పుడే తెలిసినట్టు అందరికీ షుక్రియా చెప్పాడు. ఈ తమాషా ఇంటికెళ్లి చెప్పాలనుకున్నాడు. వినేవాళ్లెవరూ లేరని అప్పుడు గుర్తొచ్చింది.

తాహిర్ అంగడి ముందు బండి ఆగేసరికి పనివాళ్లు చప్పట్లు కొట్టారు.

"కమాల్ చేసినవ్ చాచా. దిగు, చాయ్ తాగుదం," అన్నాడు తాహిర్.

బుచ్చయ్య తలుపు తీసి సీటు మీంచి లేవబోయాడు. కారు కిర్రుమంటూ ఎడమకు ఒరిగింది. గబుక్కున కూర్చున్నాడు. కారు మళ్లీ లేచి నిలిచింది. జాకీ దస్తగీర్ దగ్గరే ఉండిపోయింది.

"నేను దిగితే కూలబడ్తది."

"పడనీ. రేపు ఎట్లైనా కోసేదే గద."

నిజమే, బుచ్చయ్యకూ తెలుసు. కానీ తన బరువు అవసరమైనది ఈ లోకంలో ఇంకేదీ మిగల్లేదు. దిగితే ఎటు పోవాలో కూడా అతనికి తోచలేదు.

"నువ్వు తాగు భాయ్," అని తలుపు దగ్గరికి లాక్కున్నాడు. "నేను జర కూసుంట."