కోర్టు వరండాలో కేకేసిన చిరునామా

మా అక్క ఎక్కడ తలదాచుకుందో ఆమె మొగుడికి చెప్పింది కోర్టే. అదీ గొంతెత్తి, మూడుసార్లు.

వికారాబాదులో బావ దెబ్బలు పడలేక అక్క తాండూరులో ఉండే నా దగ్గరికి వచ్చేసింది. నా గదికైతే బావ నేరుగా వస్తాడని, మేం ఖాలా అని పిలిచే ముసల్మాను పెద్దమ్మ ఇంట్లో ఉంచాను. మనోవర్తికి దావా వేశాం. అప్పట్లో కోర్టు బంట్రోతు ఉత్త పేరుతో పిలిచేవాడు కాదు. తండ్రి పేరు, ఊరు, గల్లీ, ఎవరింట్లో ఉంటున్నదీ అంతా రాగం తీసేవాడు. చెట్టుకింద బీడీ కాలుస్తున్న బావ ఆ రాగమంతా విన్నాడు.

బంట్రోతు మీదికి పోయాను. "ఇల్లు సుత చెప్తవా? కొట్టెటోడు ఆడనే కూసున్నడు!"

"కాయితంల ఉన్నదే చదివిన తమ్మీ. నా గొంతు మంచిగ లేదా?"

మరునాడే బావ తాండూరులో రైలు దిగాడు. ఖాలా గుమ్మానికి గోనెపట్టా పరదా ఉండేది. దాని ముందు నిలబడి అరిచాడు.

"మా ఆడామె ఈడున్నదంట. పంపు!"

"లోపలున్నోళ్లంత ఆడోళ్లే బేటా," అంది ఖాలా పరదా వెనకనుంచి. "నీ ఆమె ఎవ్వరు? పన్నూడినామెనా, చెయ్యి వాసినామెనా? జర గట్టిగ చెప్పు, గల్లీ అంత ఇంటది."

గల్లీ అంతా నవ్వింది. బావ పరదా మీద చెయ్యి వేయబోయాడు. ఎదురింటి టాంగా ఆయన కొరడాతో సహా లేచాడు.

"పరదా ముట్టుకుంటవా అన్నా? ముట్టు, చూస్త."

పరాయి ఇంటి పరదా ముట్టిన మగవాడు ఆ గల్లీ దాటి పోలేడు. బావ సాయంత్రం బండికే వెళ్లిపోయాడు.

కానీ ఇల్లు చూసి పోయాడు కదా! అక్కను ఇంకో గల్లీకి మార్చాం. అక్క బట్టల మూట తనే మోస్తానని ఖాలా బురఖా వేసుకుని బయలుదేరింది. ఇల్లు మారితే కోర్టు కాగితంలో రాయించక తప్పదు. వచ్చే వాయిదాకి ఆ కొత్త ఇల్లు కూడా రాగంలోకి ఎక్కితే? అక్కకు అన్నం సయించలేదు.

నేను బడి మొహం చూడనివాణ్ని. మిఠాయి పొట్లాల కాగితాలే నా పుస్తకాలు. ఆ చదువుతోనే జడ్జిగారికి అర్జీ రాశాను: న్యాయం అడగడానికి వచ్చిన ఆడదాని ఇంటిదారి కొట్టేవాడికి చూపడం ఏ చట్టం? జవాబు లేదు. మళ్లీ రాశాను. మళ్లీ మళ్లీ రాశాను. వాయిదా ముందురోజు జవాబు వచ్చింది:

"దావాదారు తన వకీలు చిరునామానే ఇచ్చుకోవచ్చును. పేరు తప్ప మరేదీ పిలవరాదని బంట్రోతుకు హుకుం ఇవ్వడమైనది. అర్జీదారు ఇకనైనా అర్జీలు ఆపవలెను."