కాళ్లకు నీళ్లు

సుమిత్ర ఇల్లు హాస్టల్ కిటికీలోంచి కనిపించేది. ఆ పిల్లకు వచ్చిన కష్టమంతా అదే.

మిగతా పిల్లల ఇళ్లు ఎక్కడెక్కడో ఉండేవి. కెన్యా, నేపాల్, మలేషియా, దుబాయ్. వాళ్లు ఏడిస్తే అందరికీ జాలేసేది, వార్డెనమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని వీపు నిమిరేది. మైలు దూరంలో ఇల్లు పెట్టుకుని, దండెం మీద అమ్మ ఆరేసిన చీర ఏదో కూడా చెప్పగలిగిన పిల్ల ఏడిస్తే ఎవరికి జాలేస్తుంది? అందుకని సుమిత్ర తలుపు వెనక నిలబడి, దగ్గు వస్తున్నట్టు నటిస్తూ ఏడ్చేది.

అది 1992 జూన్. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి పోయే దారిలో, పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగితే ఆ బడి. పద్నాలుగు దేశాల పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. దాని పక్కన ఉన్న ఎర్రకుంట ఊరివాళ్లు మాత్రం పేరు పలకడానికి బద్ధకించి, దాన్ని గోడల బడి అనేవారు. ఆ గోడల లోపలి నేలలో నాలుగెకరాలు ఒకప్పుడు సుమిత్ర తండ్రి మొగులయ్య జొన్నచేను.

చుట్టుపక్కల చేలన్నీ ఫ్యాక్టరీలకు పోతున్న రోజుల్లో మొగులయ్య కూడా సంతకం పెట్టాడు. కానీ ఊరికే పెట్టలేదు. ఆరేళ్ల బిడ్డను చంకనెత్తుకుని పోయి, ఈ పిల్ల ఏడో తరగతికి వచ్చినప్పుడు మీ బడిలో సీటు ఇవ్వాలని, ఆ మాట కాగితం మీద రాస్తేనే కలం పట్టుకుంటానని మొండికేశాడు. వాళ్లు నవ్వి రాసిచ్చారు. ఆయన నవ్వలేదు. ఆ కాగితాన్ని బియ్యం డబ్బాలో ఆరేళ్లు దాచాడు. తర్వాత పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరాడు. తన చేనికి తానే రాజుగా బతికిన మనిషి, పొద్దంతా ఇంకొకరి గేటు తెరిచి మూసే పనిలో కుదురుకున్నాడు.

బిడ్డను దిగబెట్టిన రోజున ఆయన బడి గేటు దాటలేదు. ట్రంకుపెట్టె లోపలికి మోసింది కూలివాడు. "లోపలికి రా నాయినా" అని సుమిత్ర చెయ్యి పట్టి లాగింది.

"అమ్మిన చేను బిడ్డా. నాకేం పని లోపల" అన్నాడు మొగులయ్య. అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

లోపల సుమిత్రకు ఏదీ అంతు చిక్కలేదు. అన్నం చెంచాతో తినాలట. పడుకునే ముందు పక్కమంచం పిల్లకు మంచి మాటొకటి చెప్పాలట, అదీ ఇంగ్లీషులో. ఆదివారం పొద్దున గంటసేపు అందరూ వరసగా కూర్చుని ఇంటికి ఉత్తరం రాయాలి, అది బడి ఆనవాయితీ. సుమిత్ర కూడా రాసింది. ఆ ఉత్తరం సంగారెడ్డి పోయి, ముద్రలు గుద్దించుకుని, నాలుగో రోజుకు కిటికీలోంచి కనిపించే ఇంటికి చేరింది. చదువు రాని మొగులయ్య దాన్ని కిరాణాకొట్టు రంగయ్యతో చదివించుకున్నాడు. అందులో ఒకటే ముక్క ఉంది, నన్ను తోలుకపో అని.

ఆయన రాలేదు. దాంతో ఆమే పోయింది. రెండో వారంలోనే రెండుసార్లు, వెనకవైపు కంచె సందులోంచి దూరి, గుట్ట అంచున పడి ఇంటికి చేరింది. తల్లి కౌసల్యమ్మ రెండుసార్లూ రొట్టె పెట్టి, కన్నీళ్లు తుడిచి, ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మకు మొక్కు మొక్కింది. మొగులయ్య రెండుసార్లూ సైకిల్ మీద కూర్చోబెట్టుకుని గేటు దాకా తెచ్చి దింపాడు. రెండోసారి ప్రిన్సిపాల్ మేడం గేటు దగ్గరికే వచ్చి, మూడోసారి పోతే ఇక తిరిగి తీసుకోమని, ఆ సీటు వేరే పిల్లకు ఇచ్చేస్తామని మర్యాదగానే చెప్పింది.

మొగులయ్య బిడ్డ వైపు తిరిగాడు. "చేను వాయె. ఇగ సీటు సుత పోతే నాకేం మిగుల్తది సుమిత్రా" అన్నాడు. ఎన్నడూ బిడ్డను పేరుతో పిలిచే మనిషి కాదు. ఆ పిలుపు విని పిల్ల హడలిపోయింది. అయినా లోపలికి పోయాక, శనివారం మళ్లీ పోవాలనే అనుకుంది. పన్నెండేళ్ల మొండితనం, తండ్రి దగ్గర నేర్చిందే.

ఆ శనివారం సాయంత్రమే పటం నడక.

బడి పెట్టిన ఏడాది డ్రాయింగ్ మాస్టారు కిషన్‌రావు మొదలుపెట్టిన ఆనవాయితీ అది. ఆటల మైదానంలో ముగ్గుపిండితో ప్రపంచ పటం గీసేవాడు. బడిని నడిమధ్యన చుక్కగా పెట్టి, అక్కడి నుంచి ఏ దేశం ఎంత దూరమో, ఏ దిక్కో చూసి, తాడుతో కొలిచి గీసిన పటం. దగ్గరి దేశాలు బాగానే ఉండేవి కానీ, దూరపు అమెరికా అంచుల్లో సాగిపోయి పిండి ముద్దలా తయారయ్యేది. పిల్లలంతా చెప్పులు విడిచి, చేతిలో స్టీలు గ్లాసు నిండా నీళ్లతో, ఎవరి ఊరి మీద వాళ్లు నిలబడాలి. గంట కొట్టగానే నోరు మెదపకుండా నడిమి చుక్క దగ్గరికి నడిచి రావాలి. అక్కడొక ఇత్తడి గంగాళం. గ్లాసులో నీళ్లు అందులో పోయాలి. పద్నాలుగు దేశాల నుంచి వచ్చిన నీళ్లతో మరునాడు ఒక మొక్క నాటుతారు.

సుమిత్ర మైదానం గట్టు మీదికి వచ్చి ఆగిపోయింది. గుట్ట వెనక ఎండ వాలుతూ ఉంది. తెల్లటి గీతల్లో ప్రపంచమంతా నేల మీద పరుచుకుని ఉంది. నూట నలభై మంది పిల్లలు, ఒక్కరూ మాట్లాడకుండా, సముద్రాల పక్కన వట్టి కాళ్లతో నిలబడి ఉన్నారు. ఆ మైదానం వాళ్ల చేనుగా ఉన్నప్పుడు అక్కడ రాలిన కంకులేరిన పిల్ల తాను. ఆ నేల ఇంత పెద్దదని ఆమెకు అంతవరకు తెలియదు. పారిపోయే సంగతి కాసేపు మరిచిపోయింది.

తర్వాత భయం వేసింది. తను ఎక్కడ నిలబడాలి? అందరికీ రావడానికి ఒక దూరం ఉంది. ఎర్రకుంట పటంలో వెతికినా లేదు. గ్లాసు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న పిల్లను కిషన్‌రావు చూశాడు.

"నీ ఊరు గిదే గదమ్మా" అని నడిమి చుక్క చూపించాడు. "ఇన్నేండ్లల్ల ఈడ నిలబడేటోళ్లే లేకుండిరి. నిలబడు."

గంట మోగింది. నలువైపుల నుంచి అందరూ ఆమె వైపు నడవడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు వచ్చింది వంజీరు, కెన్యా నుంచి వచ్చిన పదకొండో తరగతి అమ్మాయి. పొడవాటి కాళ్లు, పాదాల నిండా ముగ్గుపిండి, దుమ్ము. ఆమె నీళ్లు గంగాళంలో పోసి నిలబడింది.

సుమిత్ర ఆ కాళ్లు చూసింది. దూరం నడిచొచ్చిన మనిషి ఎదురుగా నిలబడితే ఏం చేయాలో ఎర్రకుంటలో పుట్టిన పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొక్క కోసం పెట్టిన రాగి చెంబు గంగాళం పక్కనే ఉంది. తీసి, ముంచి, వంజీరు కాళ్ల మీద పోసింది. "రా అక్కా, కాళ్లు కడుక్కో" అంది.

మైదానం బిగుసుకుపోయింది. ప్రిన్సిపాల్ మేడం కనుబొమలు పైకి లేచాయి. కిషన్‌రావు ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. ఆ నీళ్లు కాళ్లకు కావని, నోరు విప్పకూడదని సుమిత్రకు అప్పుడు గుర్తొచ్చింది. అయిపోయింది, సీటు పోయింది, నాయినకు ఏమీ మిగల్లేదు అనుకుంది.

వంజీరు తన పాదాల వైపు చూసుకుంది. తెలుగు ముక్క రాని ఆ అమ్మాయి, గౌను అంచు కొంచెం ఎత్తి, రెండో కాలు ముందుకు పెట్టింది.

ఇక ఆగలేదు. వెనకున్నవాళ్లు వరసకట్టారు. గంగాళంలో పోసిన నీళ్లు పోసినట్టే కాళ్ల మీదికి వచ్చాయి. నల్లటి పాదాలు, గులాబీరంగు పాదాలు, గోళ్లు కొరికిన చిన్న పాదాలు, బంతాటలో దెబ్బతిన్న బొటనవేళ్లు. ప్రతి ఒక్కరికీ అదే మాట, రా, కాళ్లు కడుక్కో. సగం మందికి వచ్చేసరికి వాళ్లే ఆ మాట వంకరటింకరగా తిరిగి పలకసాగారు. చివర్లో ప్రిన్సిపాల్ మేడం చెప్పులు విడిచి వచ్చి నిలబడింది. ఇది ఏమిటని మెల్లగా అడిగింది.

"బయటికెల్లి ఇంటికొస్తే మా తాన గిట్లనే మేడం" అంది సుమిత్ర. కిషన్‌రావు దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు.

నడిమి చుక్క బురదలో కలిసిపోయింది. మరునాడు మొక్క బోరునీళ్లతో నాటారు. సుమిత్ర మళ్లీ కంచె దూరలేదు, ట్రంకుపెట్టె మంచం కిందే ఉండిపోయింది.

ఆ తర్వాత అయిదేళ్లూ ప్రతి జూన్‌లో నడిమిన నిలబడింది సుమిత్రే. చెంబు ఆనవాయితీలో చేరిపోయింది. ఒక్కో బీరువా తలుపు లోపలివైపు అంతకుముందు వాడుకున్నవాళ్ల పేర్లు రాసి ఉండే పద్ధతి ఆ హాస్టల్లో ఉంది. వంజీరు పోతూ పోతూ తన బీరువా ఆమెకే ఇచ్చి, తన పేరు కింద సుమిత్ర పేరు తానే రాసి పోయింది. ఇంగ్లీషు వచ్చింది, చెంచా వచ్చింది. ఆదివారం ఉత్తరాలు నాలుగేసి పేజీలయ్యాయి, రంగయ్య చదవలేక విసుక్కునేవాడు. మొగులయ్య మాత్రం గేటు దగ్గరే. మక్క గారెలో, పెసర గుగ్గిళ్లో మూటకట్టుకొచ్చి, గేటు ఊచల్లోంచి ఇచ్చి, ఊచల్లోంచే మాట్లాడి వెళ్లేవాడు. లోపలికి రమ్మంటే అదే జవాబు. ఇంత మందిని ఇంటికి పిలిచిన పిల్లకు, తండ్రిని పిలవడం చేతకాలేదు. ఆ బాధ ఆమెను లోపల కొరుకుతూనే ఉండేది.

1998 ఏప్రిల్‌లో ఆమె వంతు వచ్చింది. చదువు ముగించి పోయేవాళ్లకు నడక తిరగబడుతుంది. నడిమి చుక్క నుంచి బయలుదేరి ఎవరి ఊరి మీదికి వాళ్లు నడిచిపోవాలి. అక్కడికి చేరి వెనక్కి తిరిగి చెయ్యి ఊపితే బడి వదిలినట్టు.

"మరి నువ్వేం చేస్తవమ్మా" అని కిషన్‌రావు ముందురోజే అడిగాడు.

"నాకు సుత తెల్వది సార్" అంది.

గంట మోగింది. తోటివాళ్లు పదకొండు మంది పదకొండు వైపులా నడిచిపోయారు. సుమిత్ర ఒక్కతే మిగిలింది. బడి అంతా గట్టు మీద నిలబడి చూస్తూ ఉంది. ఆమె తల తిప్పింది. దూరంగా గేటు అవతల, ఫ్యాక్టరీ ఖాకీ చొక్కాతో, ట్రంకుపెట్టె తీసుకుపోవడానికి వచ్చిన మొగులయ్య సైకిల్ పట్టుకుని ఉన్నాడు.

ఆమె గీతలు దాటి గేటు దాకా నడిచింది. "అందరు ఎటో ఒకటు వోయిండ్రు నాయినా. నాకు పోనీకి తొవ్వ లేదు. నువ్వు లోపలికి వస్తేనే నేను బయటికి వస్త" అంది.

మొగులయ్య సైకిలుకు స్టాండు వేశాడు. చెప్పులు గేటు బయటే విడిచాడు. పన్నెండేళ్ల తర్వాత ఆ మట్టి మీద కాలు పెట్టి, ఒక్క క్షణం వేళ్లు ముడిచి చూసుకున్నాడు.

నడిమి చుక్క దగ్గరున్న గంగాళంలో సుమిత్ర చెంబు ముంచింది. ఆయన వెనక్కి జరిగాడు.

"గీడ గాదు" అన్నాడు.

గుట్ట వైపు చూశాడు. ఊరి వైపు చూశాడు. రెంటికీ నడుమ కన్నుతో ఏదో గీత లాగి, దక్షిణం దిక్కుగా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. పన్నెండు. అక్కడ ఆగాడు. పటంలో అది హిందూ మహాసముద్రం. దాని నడుమ మొగులయ్య కండువా సర్దుకుని నిలబడ్డాడు.

"మన మంచె గీడుండె. నేను మీదికెల్లి పిట్టలు కొడుతుంటె, కింద మీ అమ్మ చీరతోని నీకు తొట్టెల కట్టింది. ఆర్నెల్ల దానివి. కండ్లు దెరిస్తె గీ నేలనే సూసేదానివి" అన్నాడు. "నీళ్లు పొయ్యి ఇగ."

సుమిత్ర సముద్రంలోకి నడిచి తండ్రి కాళ్లకు నీళ్లు పోసింది. ఆ తడి నేల వాసన ముక్కుకు తగిలి, చిన్నప్పుడు తలుపు వెనక దాచుకున్న ఏడుపంతా పైకి వచ్చేసింది. ఈసారి దగ్గు నటించలేదు. మొగులయ్య ఆమె చేతిలోంచి చెంబు తీసుకున్నాడు.

"నీ కాళ్లు సుత వెట్టు బిడ్డా" అన్నాడు.

గట్టు మీద నూట అరవై మంది చూస్తూ నిలబడ్డారు. తమ ఊళ్లు చేరిన పదకొండు మందీ చెయ్యి ఊపడం మరిచిపోయారు.

ఆ జూన్‌లో కిషన్‌రావు తాడు పట్టుకుని మైదానంలోకి దిగి, నడిమి చుక్కను పన్నెండు అడుగులు దక్షిణానికి జరిపాడు. చుక్క జరిగితే ప్రపంచమంతా జరగాలి కదా. వాలీబాల్ స్తంభాలు పీకాల్సి వచ్చింది, ఆటల మాస్టారు నెలరోజులు సణిగాడు. దక్షిణ అమెరికా కొస వంటశాల గోడకు తగిలింది.

సుమిత్ర బియస్సీ చేసి, 2003లో అదే హాస్టల్‌కు వార్డెన్‌గా తిరిగొచ్చింది. ఇప్పటికీ చిలీ నుంచి వచ్చిన పిల్లలు గోడకు వీపు ఆనించి నడక మొదలుపెడతారు. పటం మైదానం మధ్యలో ఎందుకు లేదని కొత్తవాళ్లు అడిగితే, పాతవాళ్లు వాళ్లను చుక్క దగ్గరికి తీసుకుపోయి, ఇక్కడ మంచె ఉండేదని చెబుతారు.