పాలేనికంతా ఒకటే మెయిలు

మైపాడు పక్కన మా పట్టపుపాలెం నుంచి కోటకు పోవాలంటే మూడు బస్సులు ఎక్కాలి. ఇందుకూరుపేట మీదుగా నెల్లూరు, అక్కడి నుంచి గూడూరు, గూడూరు నుంచి కోట. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు. పోయిన శనివారం నేను పోయి వచ్చాను. ఆ దారిన పోయేవాళ్ళకు పనికొస్తుందని చెబుతున్నాను. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే గానీ రాయడం రాదు. నేను చెబుతుంటే మా సంఘం లెక్కలు చూసే సుజాత రాసిపెట్టింది.

నేను ఒడ్డున చేపల వేలం పాడే మనిషిని. మా ఆయన పోయినప్పటి నుంచి అదే నా పని. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఫోనులో మొదటిసారి విన్నవాళ్ళు నన్ను అన్నా అని పిలుస్తారు. నేనూ దిద్దను, మాట త్వరగా తేలుతుంది.

మా పాలెంలో పదకొండు మంది ఆడవాళ్ళం కలిసి ఎండుచేపల సంఘం పెట్టుకున్నాం. ఇసుకలో ఆరబోయడం మానేసి, కొయ్యలు పాతి, వాటికి పాత వలలు బిగించి పందిళ్ళు కట్టాం. చేప గాలికి ఆరుతుంది, ఇసుక అంటదు. కోటలో ఖాదర్ బాషా గారని ఎండుచేపల వ్యాపారి ఉన్నారు. మా ఎండు నెత్తళ్ళు చూసి, ఇసుక లేదని ల్యాబు రిపోర్టు తెస్తే సీజనంతా మీ సరుకే తీసుకుంటానన్నారు. శనివారం సాయంత్రం దాకా చూస్తానని, ఆ తర్వాత విడవలూరు వైపు వాళ్ళకు మాట ఇచ్చేస్తానని కూడా అన్నారు. ఆయన మా చేజారిపోతే మేము పందిళ్ళు పీకి పొయ్యిలో పెట్టుకోవాలి. మళ్ళీ ఇసుకలో ఆరబోసుకుని దళారి చెప్పిన ధరకు తలూపాలి.

నెల్లూరులో ల్యాబు వాళ్ళు రిపోర్టు మెయిలుకు పంపుతామన్నారు. పంపామని ఫోను కూడా చేశారు. మెయిలు మాత్రం రాలేదు. తెరిస్తే తెర మీద ఒక గీత గుండ్రంగా తిరుగుతుంది, కాసేపు తిరిగి ఆగిపోతుంది. కింద ఏదో ఇంగ్లీషు ముక్క వస్తుంది. సింక్ కావడం లేదని దాని అర్థమట, సుజాత చెప్పింది. ఫోను ఆపి పెట్టాను. సిమ్ము తీసి పమిటతో తుడిచి మళ్ళీ దోపాను. సిగ్నలు అందుతుందేమోనని ఒడ్డుకు లాగిన పడవెక్కి చెయ్యెత్తి నిలబడ్డాను. నన్ను చూసి వలలు బాగుచేసుకునేవాళ్ళు నవ్వుకున్నారు. మిగతా పది మంది ఫోన్లూ తెరిపించాను. అన్నిటిలో అదే గీత, అదే తిరుగుడు.

అన్నిటిలో ఒకటే మెయిలు మరి. మాకిది వింత కాదు. పెద్దవల లాగితే లాగిన ప్రతి మనిషికీ వంతు ఉంటుంది, వల చిరుగులు కుట్టిన ముసలాయనకూ ఉంటుంది. బ్యాంకు ఖాతా సంఘానికంతా ఒకటి, అట్లాగే మెయిలూ ఒకటి. మాలో ఎవరు కొత్త ఫోను కొన్నా ఇందుకూరుపేట నెట్టు సెంటరుకు పోయి అదే మెయిలు పెట్టించుకున్నాం. విడివిడిగా ఉండాలన్న ఆలోచనే మాకు రాలేదు.

శనివారం తెల్లారగానే మొదటి పల్లెవెలుగు బస్సెక్కాను. ఆడవాళ్ళు టికెట్టుకు డబ్బులివ్వక్కర్లేదు గానీ ఆధార్ కార్డు చేతిలో ఉండాలి, మరిచిపోవద్దు. ఖాదర్ బాషా గారికి చూపించడానికి నెత్తళ్ళ మూట ఒడిలో పెట్టుకున్నాను. కండక్టరు దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"ఏం మే, సముద్రాన్ని మూటగట్టి తెచ్చినావా?"

"మజ్జాన్నం మీ ఇంట్లో పులుసు కూడా ఇదే వాసనొస్తాది అబ్బయా. అప్పుడేమంటావు?" అన్నాను. టికెట్టు కొట్టిచ్చి నవ్వుకుంటూ పోయాడు.

రొయ్యల గుంటలు, వరి మళ్ళు దాటుకుంటూ నెల్లూరు చేరేసరికి ఎండెక్కింది. బస్టాండు బయట కారం దోసె తిన్నాను, కారం తక్కువ వేయమని ముందే చెప్పుకోవాలి. ల్యాబు తెరవడానికి ఇంకా టైముంది. పక్కనే ఫోన్లు బాగుచేసే అంగడి ఉంటే అక్కడ చూపించాను. ఆయన రెండు మీటలు నొక్కి, ఫోను పాతదైపోయింది, కొత్తది కొనుక్కోమన్నాడు. నేనూ పాతదాన్నే, పని మాత్రం బాగానే చేస్తున్నానని చెప్పి ఫోను తీసేసుకున్నాను.

ల్యాబులో కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తా మంచివాడు. కంప్యూటరు నా వైపు తిప్పి చూపించాడు. బుధవారమే పంపాడు, పోయింది పోయినట్టే తిరిగొచ్చింది. మళ్ళీ పంపితే మళ్ళీ తిరిగొచ్చింది.

"తప్పు మీ ఫోనుది గాదమ్మా, మెయిలుది. నిండిపోయి ఉండాది. చోటు ఉంటేగదా లోపలికి పొయ్యేది" అన్నాడు.

కాగితం మీద ఇవ్వమని అడిగాను. కాగితాలు ఆపేశారట, రిపోర్టు మెయిల్లో పోతేనే చెల్లుతుందట. వాట్సాప్‌లో పంపే రూలు లేదట. మెయిలు ఖాళీ చేసి ఫోను చేస్తే మళ్ళీ పంపుతానన్నాడు గానీ, శనివారం కాబట్టి రెండింటికి తాళం వేస్తారు. మెయిలు ఏమన్నా గాదెనా, చేటతో ఎత్తి పోయడానికి. ఎట్లా ఖాళీ చేయాలో తెలియకపోయినా నేను అక్కడ కూర్చోలేదు. కూర్చుంటే కోట దగ్గరికి రాదు కదా. గూడూరు బస్సెక్కేశాను.

ఆ బస్సులో నా పక్కన కూర్చున్నామె పేరు మస్తాన్‌బీ. కోటలో జాకెట్లు కుడుతుంది, నెల్లూరులో లైనింగు గుడ్డలు కొనుక్కుని పోతోంది. ముందు నా మూటను కాళ్ళ కిందికి జరిపించింది, గుడ్డలకు వాసన పట్టుకుంటే మళ్ళీ ఉతకాలని. తర్వాత నా గోడు విని ఫోను ఇమ్మంది. ఆమె మెయిలూ ఒకసారి ఇట్లాగే జాకెట్టు డిజైన్ల బొమ్మలతో నిండిపోయిందట. ఏదో తెరిచి వేలితో పైకి తోసింది. తోస్తూనే ఉంది, అంతు దొరకలేదు.

"ఇంతమంది యాడోళ్ళక్కా దీంట్లో?"

చూస్తే పదకొండు ఇళ్ళూ అందులో ఉన్నాయి. ఎవరు ఫోటో తీసుకున్నా అది దానంతటది పోయి ఈ మెయిలు చోట్లో కూర్చుంటోందట. పెళ్ళిళ్ళు, పడవ పూజలు, పెంచలమ్మ మేకపిల్లలు, రోజూ పొద్దున పంపుకునే గులాబీ పూలు. బరువంతా వీడియోలదేనని, అవి తీసేస్తే చాలని చెప్పింది మస్తాన్‌బీ. చెప్పి తీసేయబోయింది. నేను ఆమె వేలు పట్టుకున్నాను.

"ఆగు మస్తానమ్మా. వంతుదారుల్ని అడక్కుండా వల్లోంచి ఒక్క చేప తియ్యం మేము."

"అట్టయితే అడగతా కూర్చో, సాయంత్రం దాకా" అని కిటికీ వైపు తిరిగింది. కోపం కాదు, ఆమెకూ ఆత్రంగానే ఉంది.

గూడూరులో దిగేసరికి పన్నెండు దాటింది. కోట బస్సుకు ఇంకా టైముంది. నేను వజ్రమ్మకు ఫోను చేశాను. మా సంఘంలో పెద్దమనిషి ఆమె. ఆ టైముకు అందరూ పందిళ్ళ దగ్గర చేప తిరగేస్తుంటారు, స్పీకరు పెట్టమన్నాను. సంగతి చెప్పగానే అందరూ ఒక్కసారే మాట్లాడారు. పెంచలమ్మ గులాబీ పూలు తీసేయమంది వజ్రమ్మ. వజ్రమ్మ మనవరాలి పెద్దమనిషి ఫంక్షను వీడియో తీసేయమంది పెంచలమ్మ. అసలు మెయిలు పెట్టించిందే తప్పని ఇంకొకామె. ఎవరూ తనది తీయమనడం లేదు, అందరూ పక్కవాళ్ళది చూపిస్తున్నారు. ఇట్లా అయితే రెండు గంటలు కొట్టేస్తుంది.

ఒడ్డున నాకు తెలిసిన విద్య ఒక్కటే. వేలంపాట పెట్టాను. అయితే ఇది తిరగేసిన పాట. ఎవరు ఎక్కువ వీడియో వదులుకుంటే పాట వాళ్ళదని చెప్పాను. పాడేమనిషే మొదటి ధర చెప్పాలి, అది మా రివాజు. అందుకని నాది ముందు పెట్టాను. మా ఆయన సంవత్సరీకం నాటి వీడియో, అరగంట పైన ఉంటుంది.

పెంచలమ్మే ముందు మాట్లాడింది.

"అది బావది గదా కావేరక్కా."

"ఆయన లేనప్పుడు తీసింది మే అది. భజనోళ్ళు, బంతి భోజనాలు, అంతే. ఆయన ఉన్నప్పటి ఫోటో గోడ మీద ఉండాది. అరగంట నా పాట. పైన ఎవురు?"

ఇక మొదలైంది. పెంచలమ్మ మేకపిల్లలన్నిటినీ వదిలేసింది, గులాబీలు కూడా కలిపి. ఒకామె తమ్ముడి పెళ్ళి ఊరేగింపు ఇచ్చింది, పెళ్ళి మాత్రం ఇవ్వనంది. ఒకామె పడవ పూజ ఇచ్చింది. బస్టాండులో నా చుట్టూ జనం చేరారు. మజ్జిగ అమ్మే ఆయన సరుకెక్కడుందమ్మా అని అడిగాడు. ఉన్న సరుకును పారేయడానికే ఈ పాట అంటే, మంచి ఆసామివేనని నవ్వి నాకొక గ్లాసు మజ్జిగ ఊరికే ఇచ్చాడు. నా ఫోను స్పీకరులో పెట్టి పట్టుకుని, మస్తాన్‌బీ నా పక్కన నిలబడి ఏది ఎంత బరువో చూసి చెబుతోంది. అన్నీ కలిపినా చాలడం లేదంది. బరువులో సగం ఒక్క వీడియోలోనే ఉంది. అది వజ్రమ్మది.

నేను ఆ మాట పైకి అనలేదు. పాటలో ఒకరి పేరు పెట్టి అడగడం మర్యాద కాదు. ఒకటోసారి అన్నాను. రెండోసారి అన్నాను. కావాలనే సాగదీశాను.

"ఆగు మే" అంది వజ్రమ్మ. "మా పాప ఫంక్షనుది మూడు గంటలుండాది. పైనించి డ్రోను పెట్టి తీసింది. తీసెయ్. మా అల్లుడు అడిగితే నువ్వే చెప్పుకోవాల."

"చెప్తా. మూడోసారి" అన్నాను.

మస్తాన్‌బీ అన్నీ తీసేసింది. గీత మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. తీసేసినవి చెత్తబుట్టలో కూర్చున్నాయట, దాన్ని కూడా పారబోస్తేనే చోటొస్తుందట. పారబోస్తే మాత్రం మళ్ళీ తెచ్చుకోలేమంది. ఆ మాట ఫోనులో చెప్పాను. తీసేసినా ఎక్కడో ఒకచోట ఉంటుందిలే అనుకుని ఒప్పుకున్నట్టుంది వజ్రమ్మ. నేను తొందరపెట్టలేదు.

"పారబొయ్ మే" అంది చివరికి. "పాట పాడినాక వెనక్కి పొయ్యే ఇల్లు గాదు మాది."

పారబోశాక గీత రెండు చుట్లు తిరిగి ఆగింది. ఎవరెవరివో ప్రకటనల మెయిళ్ళు దిగడం మొదలుపెట్టాయి. వెంటనే ల్యాబుకు ఫోను చేశాను. గుమాస్తా అప్పుడే అన్నం డబ్బా విప్పుతున్నాడట. తిని పంపుతానంటే, తినేలోపల పంపమన్నాను. ఇంతలో కోట బస్సొచ్చింది. బస్టాండులో కొన్న పెరుగన్నం పొట్లం బస్సులోనే విప్పుకున్నాను. ఊరు దాటాక మెయిలొచ్చి నా చేతిలో ఫోను మోగింది. తెర మీద మా సంఘం పేరుంది. అది నేను చదవగలను. మిగతాదంతా ఇంగ్లీషు, అంకెలు. మస్తాన్‌బీకి కూడా అర్థం కాలేదు. ఫోటోలు ఇకపై మెయిల్లోకి పోకుండా ఆమె ఏదో ఆపు చేసి ఫోను నాకిచ్చింది. కోటలో దిగాక ఆమెకు పిడికెడు నెత్తళ్ళు ఇవ్వబోతే, పిడికెడేందక్కా అని చెంగు పట్టింది. నింపాను.

ఖాదర్ బాషా గారి గోడౌను బస్టాండుకు దగ్గరే, నడిచి పోవచ్చు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నా ఫోనులో రిపోర్టు పైనుంచి కిందికి చదివారు. మళ్ళీ మొదటికొచ్చారు. మూటలోంచి ఒక నెత్తల్లి తీసి, విరిచి నోట్లో వేసుకుని నమిలారు.

"ఇసక లేదని రిపోర్టులో ఉండాది. పంటికీ తగల్లేదు" అన్నారు. "పోయిన సీజన్లో ఒకాయన రిపోర్టు తెచ్చినాడు గానీ, సరుకులో మాత్రం ఇసకే. అందుకే రెండూ చూస్తా."

సీజనంతా మాదేనన్నారు. రిపోర్టు తన ఫోనుకు పంపుకుంటూ, ఎప్పుడెంత సరుకు కావాలో ఇక మెయిల్లోనే చెబుతానని, ఇది నీ సొంత మెయిలేనా అని అడిగారు. పాలేనిదని, పదకొండు మందికీ వస్తుందని చెప్పాను. ఆయన తల పంకించి, అట్లాగైతే మాకు తెలియదని ఎవరూ అనలేరు, అదే ఉంచుకోండి అన్నారు.

తిరుగు ప్రయాణంలో మూట లేదు, ఒడి తేలిగ్గా ఉంది. గూడూరులో మారి నెల్లూరు చేరేసరికి పొద్దు వాలింది. మైపాడు బస్సు నిండుగా ఉంది, మా వైపు ఆడవాళ్ళే ఎక్కువ. బస్సు కదిలాక వజ్రమ్మకు ఫోను చేసి సంగతి చెప్పాను. ఆమె పందిళ్ళ దగ్గరున్నవాళ్ళకు అరిచి చెప్పింది, ఆ కేకలు నాకూ వినిపించాయి.

ఇక మెయిలు ఎవరిది వాళ్ళం పెట్టుకుందామా అని పెంచలమ్మ అడిగిందట. వద్దన్నాను. ఫోటోలు ఎవరి ఇంట్లో వాళ్ళు దాచుకోండి, మెయిలు మాత్రం ఒకటే ఉండనీండి అన్నాను. మీ ఊళ్ళో కూడా ఇట్లా నలుగురికీ ఒకే మెయిలు ఉంటే విడగొట్టుకోవద్దు, అందులో ఏమేం చేరుతున్నాయో అప్పుడప్పుడు చూసుకోండి.

వజ్రమ్మ ఫోను పెట్టబోతూ ఆగింది.

"చిన్న పాప ఉండాది గదా మే మాకు. దానికి ఇంకో మూడు నాలుగేళ్ళు పడతాది. అప్పుడు మళ్ళా డ్రోను పెట్టిస్తా. ఖర్చు సంఘానిదే."

"పాట పెడదాంలే" అన్నాను. బస్సులో ముందు సీటామె వెనక్కి తిరిగి, మెల్లగా మాట్లాడన్నా అని, నన్ను చూసి నాలుక కరుచుకుంది.