షమీమ్ తిప్పిన అణువు

ఏళ్ల తరబడి ఒక మాట మోస్తున్నాను. మాది రెంటచింతల. చిన్నప్పటి నుంచీ చర్చిలో ఫాదర్ ముందు పాపసంకీర్తనం చేసేదాన్ని, చేసిన తప్పులు చెప్పుకునేదాన్ని. అన్నీ చెప్పాను, ఇదొక్కటి తప్ప. ఫాదర్‌కు ఈ సైన్సు గొడవ అర్థం కాదని సాకు పెట్టుకున్నాను. మీకైనా అర్థమయ్యేలా చెప్పగలనా?

షమీమ్‌ది వినుకొండ. వాళ్ల నాన్న బైకు మెకానిక్. దూరపు ఊళ్లో పరిశోధనకు ఇద్దరం ఒకే ల్యాబులో చేరాం. హాస్టల్లో ఒకే గది. నాకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ, నేను మందు మింగేదాకా తిడుతూ కూర్చునేది. అలాంటి మనిషి.

మా పని ఒక్కో అణువును తిప్పడం. బాగా చల్లబరిచిన బంగారపు రేకు మీద అణువు అతుక్కుని ఉంటుంది. సన్నటి సూదిమొనను తగలకుండా దాని పైకి తెచ్చి కొద్దిగా కరెంటు పంపితే, ఉన్నచోటే కాస్త తిరిగి ఆగుతుంది. స్క్రీను మీద గీత ఒక మెట్టు ఎక్కుతుంది, లేదా దిగుతుంది. అంతే కనపడేది. వోల్టేజి చాలకపోతే కదలదు, ఎక్కువైతే చెదిరిపోతుంది. ఆ కొలత షమీమ్‌కు దొరికింది. తను తిరగమన్నప్పుడల్లా తిరిగేది. నా దగ్గర మొండికేసేది.

ఒక మధ్యాహ్నం గదికి నమాజుకు వెళ్తూ, "దాన్ని ముట్టుకోమాకే, ఇప్పుడే వస్తా," అంది.

ముట్టుకున్నాను. ఒక్కసారి నా చేత్తో తిప్పి చూడాలనిపించింది. ఉత్త కుతూహలమేనా? కాదు. తన మాట విన్నది నా మాట ఎందుకు వినదన్న ఉక్రోషం కూడా. వోల్టేజి పెంచాను. గీత పిచ్చెక్కినట్టు ఎగిరింది. నిజం చెప్పాలంటే ఆ క్షణం సంతోషమేసింది. ఇంకాస్త పెంచాను. గీత చదునైపోయింది. అణువు లేదు. సూదిమొన కూడా పాడైంది. వోల్టేజిని తను పెట్టిన అంకెకే తెచ్చి, వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

షమీమ్ వచ్చి స్క్రీను చూసి నిలబడిపోయింది.

"ఏమే, సూదిని మరీ దగ్గరికి దించి పొయ్యానా ఏంది?"

"ఏమో. అయ్యుండొచ్చు," అన్నాను.

"నాది చానా తొందర చెయ్యే," అంది మెల్లగా.

అణువు పోతే ఇంకొకటి దొరికేది. ఆ "అయ్యుండొచ్చు" మాత్రం తన లోపల ఉండిపోయింది. తప్పు తనదేనని గైడుకు తనే చెప్పుకుంది. ఆ తర్వాత మిషను దగ్గర నన్నే కూర్చోబెట్టి, పక్కన నిలబడి కొలత చెప్పేది. నా చేతికి కూడా అణువు తిరిగింది. మా పరిశోధన పేపర్లో ముందు పడింది నా పేరు. తను నాకంటే ఎక్కువ మురిసిపోయింది.

ఇప్పుడు తను నరసరావుపేటలో లెక్చరర్. నేను ఊరికొస్తే బస్టాండుకు స్కూటీ వేసుకొచ్చి, ఇంటికి తీసుకుపోయి, ఇక చాలన్నా వినకుండా వడ్డిస్తుంది. మొన్న వాళ్ల కాలేజీ ల్యాబు చూపించింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "నాది తొందర చెయ్యమ్మా, మీరే చెయ్యండి," అంది పిల్లలతో. వాళ్లు నవ్వారు. తనూ నవ్వింది. నేను కూడా నవ్వాను. ఎలా నవ్వగలిగాను?

తనకెప్పుడు చెబుతాను? తెలియదు. తిడుతుందని కాదు భయం. తిట్టకుండా, "పోనీలేవే," అంటుందేమోనని. మిమ్మల్ని క్షమాపణ అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు. పైకి అనడానికే ఇదంతా రాశాను. ఆ రోజు వోల్టేజి పెంచింది నేను. షమీమ్ కాదు. ఇది రాశాక, గుండె మీద బరువు తీరిందని అనను గానీ, ఊపిరి కాస్త ఆడుతోంది.